సింగరాయకొండ మీదుగా సాగే మాట

సింగరాయకొండ నుంచి చెన్నై విమానాశ్రయానికి ఆకాశమార్గాన దాదాపు 250 కిలోమీటర్లు. గన్నవరం విమానాశ్రయానికి సుమారు 165. మన ఊరి నెత్తిన ఎగిరే విమానంలో పైలట్ మైకు మీట నొక్కి మాట్లాడాడనుకుందాం. చెన్నైలో నేల మీద ఉన్న యాంటెన్నాకు ఆ మాట నేరుగా చేరాలంటే విమానం దాదాపు 3,700 మీటర్ల ఎత్తున, అంటే 12,000 అడుగుల పైన ఉండాలి. గన్నవరానికైతే 1,600 మీటర్లు సరిపోతుంది. అంతకన్నా కిందికి దిగితే భూమి వంపు అడ్డొస్తుంది. సెట్టులో వాట్లు పెంచినా, ఖరీదైన సెట్టు తెచ్చినా ఈ లెక్క పెద్దగా మారదు. మీటర్లలో ఎత్తు తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. విమానపు వీహెచ్‌ఎఫ్ రేడియో గురించి ఒక్క సూత్రమే గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోవాలి.

పద్ధతి పరంగా ఈ రేడియో వయసు ఎనభై ఏళ్లు దాటింది. ఇంట్లో టీవీ డిజిటల్ అయింది, జేబులో ఫోను ఉపగ్రహాల మాట వింటోంది. వందల ప్రాణాలను మోసే విమానం మాత్రం పాతకాలపు మీడియం వేవ్ ఆకాశవాణి వాడిన ఏఎం పద్ధతిలోనే టవర్‌తో మాట్లాడుతోంది. ఇది వెనకబాటా, వివేకమా అన్న చర్చ విమానయాన రంగంలో చాలాకాలంగా నడుస్తోంది. రెండు వైపుల వాదనలూ తూచి చూశాక నాకు తోచింది ఇది: ఎత్తున ఎగిరే విమానాల విషయంలో ఈ పాత రేడియో తన చోటును ఇంకా న్యాయంగానే నిలబెట్టుకుంది. నేలకు దగ్గరగా, కోస్తా మైదానం మీద వంద, రెండొందల మీటర్ల ఎత్తున ఎగిరేవాటి విషయంలోనే అసలు లోటు ఉంది. ఆ లోటు గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ.

ముందు పెట్టె మూత తీసి చూద్దాం.

పౌర విమానాల మాటలకు ప్రపంచమంతటా కేటాయించిన పట్టీ 118 మెగాహెర్ట్జ్ నుంచి 137 లోపు. దాని కింద 108 నుంచి దారి చూపే సంకేతాలుంటాయి. రన్‌వే మధ్యగీతను చూపించే ఐఎల్‌ఎస్, దిశ చెప్పే వీఓఆర్ అక్కడివే. ఇంకా కింద, 88 నుంచి 108 వరకు మనం పాటలు వినే ఎఫ్‌ఎం. అంటే ఒంగోలులో ఆటోలో మోగే పాటకూ ఆకాశంలో వినిపించే ఆదేశానికీ మధ్య దూరం పది మెగాహెర్ట్జ్ మాత్రమే. ఈ పొరుగు వల్ల వచ్చే ఇబ్బంది సంగతి తరవాత చెబుతాను.

పైలట్ మీట నొక్కగానే సెట్టు వినడం మానేసి పంపడం మొదలుపెడుతుంది. యాంటెన్నా ఒక్కటే. దాన్ని రిసీవర్ నుంచి విడదీసి ట్రాన్స్‌మిటర్‌కు కలిపే స్విచ్ లోపల ఉంటుంది. సెట్టులో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం ఒకే వేగంతో కంపిస్తూ ఉంటుంది. దాని ఆధారంగా సింథసైజర్ అనే సర్క్యూట్ పైలట్ తిప్పి పెట్టిన పౌనఃపున్యాన్ని తయారు చేస్తుంది. ఆ తరంగమే వాహకం. మైకు నుంచి వచ్చిన గొంతును కాస్త పెంచి, కేకకూ గుసగుసకూ ఉన్న తేడాను తగ్గించి, వాహకం బలాన్ని ఆ గొంతుకు తగ్గట్టు పైకీ కిందికీ ఊపుతారు. ఏఎం అంటే ఇంతే. అక్కడి నుంచి పవర్ యాంప్లిఫయర్, అనవసరమైన హెచ్చు పౌనఃపున్యాలను ఆపే ఫిల్టర్, చివరికి విమానం వీపు మీదో పొట్ట కిందో రెక్కలా నిలబడిన యాంటెన్నా. 127 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 2.36 మీటర్లు. అందులో నాలుగో వంతు 59 సెంటీమీటర్లు. చిన్న విమానాల మీద కనిపించే కడ్డీ దాదాపు ఆ పొడవే ఉంటుంది. పెద్ద విమానాల మీద గాలికి ఎదురు తక్కువగా ఉండేలా మలిచిన, ఇంకా పొట్టి యాంటెన్నాలుంటాయి.

ప్రయాణికుల విమానాల్లో ఈ సెట్టు బలం మామూలుగా 25 వాట్లు. ఇంట్లో ఫ్యాను తినే కరెంటు కన్నా తక్కువ. అంత తక్కువ బలంతో 400 కిలోమీటర్లు ఎలా చేరుతుందని అడగాలనిపిస్తుంది. మధ్యలో అడ్డు లేకపోతే చేరుతుంది. 400 కిలోమీటర్ల దూరానికి ఖాళీ ఆకాశంలో కలిగే క్షీణత లెక్కగడితే, అవతలి రిసీవర్ దగ్గర ఇంకా పది, పదిహేను మైక్రోవోల్టులు మిగులుతాయి. మంచి రిసీవర్‌కు రెండు మైక్రోవోల్టులున్నా మాట తెలుస్తుంది. కాబట్టి ఈ రేడియోకు హద్దు గీసేది భూమి వంపే. 10,000 మీటర్ల ఎత్తున ఉన్న విమానానికి 412 కిలోమీటర్ల వరకు చూపు ఉంటుంది. వంద మీటర్ల ఎత్తున ఉన్న హెలికాప్టర్‌కు 41 కిలోమీటర్లే.

బలంలో కొంత వృథా కూడా ఉంది. ఏఎంలో గొంతును పూర్తిగా ఎక్కించినా మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు ఏ మాటా మోయని వాహకానికే పోతుంది. మిగిలిన వంతును రెండు పక్కల పట్టీలు పంచుకుంటాయి. ఆ రెండూ మోసేది ఒకే మాట. ఇంజనీరింగ్ తరగతిలో ఈ లెక్క చెప్పగానే విద్యార్థులు ఈ పద్ధతిని చెత్తబుట్టలో వేయాలంటారు. వాళ్లను తప్పుపట్టలేం. దీన్ని ఎందుకు వేయలేదో కాసేపట్లో చూద్దాం.

వినే వైపు పని ఇంకా ముచ్చటైనది. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన సూపర్‌హెటరొడైన్ పద్ధతే నేటికీ చాలా సెట్లకు ఆధారం. ఉదాహరణకు 118.1 మెగాహెర్ట్జ్ మీద వచ్చే మాట మనకు కావాలి. సెట్టు లోపలే 128.8 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పుట్టించి ఆ రెంటినీ కలుపుతారు. తేడా 10.7 మెగాహెర్ట్జ్. పైలట్ ఏ ఛానల్ పెట్టినా లోపలి తరంగం దానితో పాటే మారుతుంది కాబట్టి తేడా ఎప్పుడూ 10.7గానే ఉంటుంది. ఇక ఫిల్టర్లు, యాంప్లిఫయర్లు అన్నీ ఆ ఒక్క చోట బాగా పనిచేస్తే చాలు. చిక్కు ఒకటుంది: 139.5 మెగాహెర్ట్జ్ మీద ఎవరైనా మాట్లాడినా 128.8తో తేడా మళ్లీ 10.7 వస్తుంది. దాన్ని ప్రతిబింబం అంటారు. అది విమాన పట్టీ బయటే ఉంటుంది కాబట్టి ముందున్న ఫిల్టర్ ఆపేస్తుంది. తేడాను 455 కిలోహెర్ట్జ్ లాంటి చిన్న సంఖ్యగా పెట్టుకుని ఉంటే ఆ ప్రతిబింబం పక్క టవర్ ఛానల్ మీదే వచ్చి పడేది. పెద్ద తేడాను ఎంచుకోవడం వెనక ఉన్న కారణం ఇదే.

రిసీవర్‌లో ఇంకో రెండు పనివాళ్లున్నారు. రన్‌వే దగ్గర, మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న టవర్ గొంతుకూ మూడు వందల కిలోమీటర్ల అవతలి విమానం గొంతుకూ శక్తిలో పదివేల రెట్ల తేడా ఉంటుంది. రెండూ పైలట్ చెవికి ఒకే స్థాయిలో వినపడేలా చేసేది ఏజీసీ. ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే గరగరను ఆపేది స్క్వెల్చ్. స్క్వెల్చ్‌ను బిగించేస్తే చెవికి హాయిగానే ఉంటుంది. కానీ దూరపు బలహీనమైన గొంతు కూడా ఆ గరగరతో పాటు మూగబోతుంది. మైదానాల మీద తక్కువ ఎత్తున ఎగిరేవాళ్లు ఆ మీట విషయంలో శ్రద్ధగా ఉండాలి.

ఛానళ్ల కథలో రేడియో ఇంజనీర్ల ఓపిక కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ యుద్ధవిమానాల సెట్లలో నాలుగే ఛానళ్లుండేవి. అమెరికాలో తయారైన ఎస్‌సీఆర్-522లో ఎ, బి, సి, డి అని నాలుగు మీటలు, ఒక్కో ఛానల్‌కూ విడి స్ఫటికం. 1940లో బ్రిటన్ మీద జర్మనీ వైమానిక దాడులు జరిగేనాటికి బ్రిటిష్ స్క్వాడ్రన్లలో కొన్నిటికే వీహెచ్‌ఎఫ్ సెట్లు అందాయి. మిగతావాళ్లు బలం చాలని, గోల ఎక్కువైన హెచ్‌ఎఫ్ సెట్లతోనే యుద్ధం చేశారు. మన జిల్లాలోని దొనకొండలో వైమానిక స్థావరం వెలిసింది కూడా ఆ యుద్ధకాలంలోనే. ఆ యుద్ధం మొదలయ్యేనాటికి పదేళ్లు కూడా కాలేదు, 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపి. అందులో రేడియో లేదు. అదే టపాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చిన నెవిల్ వింట్‌సెంట్ కూడా నేలను చూసుకుంటూనే దారి వెతుక్కున్నాడు. ఆ మనిషికీ యుద్ధకాలపు పైలట్‌కూ మధ్య ఉన్న దూరం ఆ నాలుగు మీటలే అనిపిస్తుంది నాకు.

యుద్ధం తరవాత ఛానళ్ల మధ్య ఎడం 200 కిలోహెర్ట్జ్ నుంచి 100కు, 50కి, 1970ల్లో 25కు తగ్గింది. 118.000 నుంచి 136.975 వరకు 25 చొప్పున లెక్కపెడితే 760 ఛానళ్లు. మన దేశంలో వాడకం ఈ 25 మీదే నడుస్తోంది. ఐరోపాలో అవీ చాలక 1999 నుంచి ఎత్తైన ఆకాశంలో ఒక్కో ఛానల్‌ను మూడు ముక్కలు చేసి 8.33 కిలోహెర్ట్జ్‌కు దించారు. దాంతో 2,280 ఛానళ్లయ్యాయి. ముక్క చిన్నదయ్యేకొద్దీ స్ఫటికం మరింత నిక్కచ్చిగా ఉండాలి. 25 కిలోహెర్ట్జ్ సెట్టు పది లక్షల్లో 30 పాళ్లు తప్పినా సహిస్తారు. 8.33 సెట్టుకు ఆ సడలింపు అయిదు పాళ్లే. 120 మెగాహెర్ట్జ్ దగ్గర అది 600 హెర్ట్జ్.

ఇప్పుడు ఆ ఏఎం ప్రశ్నకు వద్దాం. ఎఫ్‌ఎంలో శబ్దం స్వచ్ఛంగా ఉంటుంది, గోల తక్కువ. కానీ ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది. వినేవాడికి రెండో మనిషి ఉన్నాడన్న ఆనవాలే ఉండదు. ఏఎంలో అలా జరగదు. ఇద్దరి వాహకాలూ కొద్దిగా వేరు పౌనఃపున్యాల మీద ఉంటాయి. ఆ తేడా చెవికి కీచుమనే ఈలగా వినిపిస్తుంది. మాట తెలియకపోయినా ఇంకెవరో మాట్లాడుతున్నారన్నది తెలుస్తుంది. వేగంగా కదిలే విమానం వల్ల తరంగంలో వచ్చే మార్పునూ ఏఎం సులువుగా ఓర్చుకుంటుంది. ఒకే ఛానల్ మీద రెండు, మూడు చోట్ల నేల స్టేషన్లు పెట్టి, వాటి వాహకాలను కొద్దికొద్దిగా జరిపి, పెద్ద ప్రాంతాన్ని కవర్ చేసే ఉపాయం కూడా ఏఎం వల్లే కుదిరింది. అన్నిటికన్నా పెద్ద కారణం పాత, కొత్త సెట్ల మధ్య పొత్తు. ఏ దేశంలో, ఏ దశాబ్దంలో తయారైన సెట్టయినా మరో సెట్టుతో మాట్లాడగలగాలి. అలా మాట్లాడగలిగే పద్ధతి ఇప్పటికి ఇదొక్కటే.

ఆ ఈల ఎంత కాపాడుతుందన్న ప్రశ్నకు ప్రపంచ విమానయానంలో అతి ఘోరమైన ప్రమాదమే జవాబు చెబుతుంది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫేలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొన్నాయి. 583 మంది మరణించారు. టేకాఫ్‌కు సిద్ధమైన కేఎల్‌ఎం విమానాన్ని ఆగమని టవర్ చెబుతుండగానే, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని పాన్ ఆమ్ విమానం చెప్పింది. రెండు మాటలూ ఒకేసారి గాల్లోకి వెళ్లాయి. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో మూడు సెకన్లకు పైగా ఈల వినిపించింది. ఎవరో మాట్లాడారన్న ఎరుకను ఏఎం ఇచ్చింది. దాన్ని పట్టుకునే తీరిక మాత్రం ఆ క్షణంలో అక్కడి మనుషులకు దక్కలేదు. అందుకే ఏఎం గుణాన్ని ఒప్పుకుంటూనే అది చాలదని నేను అంటాను. దానికి తోడుగా కాపాడే రెండో గోడ మాటల క్రమశిక్షణ. టవర్ చెప్పినదాన్ని పైలట్ తిరిగి చెప్పాలి. టవర్ దాన్ని విని సరిదిద్దాలి. టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడూ రద్దు చేసేటప్పుడూ తప్ప ఇంకెక్కడా వాడకూడదన్న నియమం ఈ ప్రమాదం తరవాత వచ్చిందే.

మన దేశంలో ఇలాంటి గాయం 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద తగిలింది. ఢిల్లీ నుంచి పైకి లేస్తున్న సౌదీ విమానం, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది పోయారు. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాల్సింది, ఇంకా కిందికి దిగింది. సెట్టు చెడలేదు, మాట స్పష్టంగానే చేరింది. ఎదురుగా ఇంకో విమానం ఉందని కంట్రోలర్ చెప్పాడు కూడా. ఆ కాక్‌పిట్‌లో టవర్‌తో మాట్లాడేది ప్రత్యేక రేడియో ఆపరేటర్, విమానం నడిపేది వేరే వాళ్లు. చెవికీ చేతికీ మధ్య ఒక మెట్టు అదనంగా పడింది. ఆ ప్రమాదం తరవాత మన ఆకాశంలో ఎదురెదురు విమానాలు వాటంతట అవే హెచ్చరించుకునే పరికరాన్ని తప్పనిసరి చేశారు. అంటే వీహెచ్‌ఎఫ్ మాటకు తోడుగా, మనిషి గొంతు అక్కర్లేని రెండో దారి వేశారు. సరైన పాఠం నేర్చుకున్నాం అనడానికి ఇది నాకు తెలిసిన మంచి ఉదాహరణ.

ఒక ఛానల్ అంటే రచ్చబండ లాంటిది. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు. ఈ గుణాన్ని కొత్త సాంకేతికత సమర్థకులు లోపంగా చూస్తారు. పైలట్లు మాత్రం దీన్ని వదులుకోవడానికి ఇష్టపడరు. ముందు వెళ్తున్న విమానం కుదుపులున్నాయని చెబితే వెనకవాళ్లు కూడా బెల్టు దీపం వేస్తారు. రన్‌వే మీద ఎవరున్నారో, ఎవరు దిగబోతున్నారో వినడం వల్లే తెలుస్తుంది. దీని మరో ముఖం మీట ఇరుక్కుపోవడం. ఒక్క విమానంలో మైకు మీట నొక్కినట్టే ఉండిపోతే ఆ ఛానల్ మొత్తం మూగబోతుంది. తాను ఇబ్బంది పెడుతున్నానని ఆ పైలట్‌కే తెలియదు. ఎక్కువసేపు ఆగకుండా మాట్లాడితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు కొత్త సెట్లలో ఉంది. మామూలు చర్చల్లో ఎవరూ ఎత్తని ఈ చిన్న మార్పు విలువ, ఖరీదైన కొత్త పథకాల విలువకు తీసిపోదు.

రేడియో పూర్తిగా పోతే? రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌లో 7600 అని పెడితే రాడార్ తెర ముందున్న కంట్రోలర్‌కు సంగతి అర్థమవుతుంది. టవర్ మీద నుంచి వెలిగే ఆగని పచ్చదీపం దిగమని, ఆగని ఎర్రదీపం ఇతర విమానాలకు దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని చెబుతుంది. 121.5 మెగాహెర్ట్జ్ ఆపద ఛానల్. ప్రయాణికుల విమానాలు వీలైనంతవరకు ఒక సెట్టును దాని మీద ఉంచి వింటూ వెళ్తాయి. విమానం కూలితే బీకన్ నుంచి ఆ ఛానల్ మీద వెలువడే సంకేతాన్ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆపేశాయి. ఇప్పుడు ఉపగ్రహాలు వినేది 406 మెగాహెర్ట్జ్ బీకన్లనే.

ఎఫ్‌ఎం పొరుగు సంగతి చెబుతానన్నాను. విమానాశ్రయం దగ్గర్లో బలమైన ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు రెండు, మూడు ఉంటే వాటి తరంగాలు రిసీవర్ లోపల కలిసి, అసలు ఎక్కడా లేని మూడో పౌనఃపున్యాన్ని పుట్టిస్తాయి. అది విమాన పట్టీలో పడితే పాటల ముక్కలు వినిపిస్తాయి. కొత్త సెట్లు దీన్ని తట్టుకునేలా ప్రమాణాలు పెట్టారు. కోస్తాలో మరో చిక్కు వాతావరణానిది. సముద్రం మీద చల్లని తడిగాలి, దాని పైన వేడి పొడిగాలి పొరగా నిలిచినప్పుడు వీహెచ్‌ఎఫ్ తరంగాలు ఆ పొరల మధ్య ఇరుక్కుని దిగంతం దాటి చాలా దూరం పోతాయి. నేను మొదట చెప్పిన 4.12 సూత్రం ఆ సమయంలో పనిచేయదు. బంగాళాఖాతం తీరాన ఎండాకాలంలో దూరపు ఎఫ్‌ఎం స్టేషన్లు ఉన్నట్టుండి స్పష్టంగా వినిపించడానికి ఇదే కారణం. పాట అలా వస్తే సంతోషమే. అదే ఛానల్ వాడుతున్న దూరపు టవర్ గొంతు వస్తే మాత్రం పైలట్‌కు తికమక.

ఇక మార్చాలనేవాళ్ల వాదన. వాళ్లు చెప్పేదాంట్లో బలం ఉంది. సముద్రం మీద వీహెచ్‌ఎఫ్ అందదు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,370 కిలోమీటర్లు. రెండు చివర్ల నుంచి 425 కిలోమీటర్ల చొప్పున తీసేసినా మధ్యలో 500 కిలోమీటర్ల మౌనం మిగులుతుంది. అక్కడ ఇన్నాళ్లూ దిక్కు హెచ్‌ఎఫ్. ఆ గరగరలో పేరు చెప్పించుకోవడానికే నిమిషాలు పట్టేది. ఇప్పుడు బంగాళాఖాతం మీద సీపీడీఎల్‌సీ అనే పద్ధతిలో కంట్రోలర్, పైలట్ ఉపగ్రహం ద్వారా అక్షరాల్లో సందేశాలు పంపుకుంటున్నారు. నేల మీద కూడా మూడో వీహెచ్‌ఎఫ్ సెట్టును చాలా విమానాలు డేటాకే కేటాయించాయి. 1978లో వచ్చిన ఏకార్స్ సెకనుకు 2,400 బిట్లు పంపేది. తరవాతి వీడీఎల్ మోడ్ 2 పద్ధతి 31,500 బిట్లు పంపుతుంది. అక్షరంలో ఉన్న ఆదేశాన్ని తప్పుగా వినడం ఉండదు, యాస ఇబ్బంది ఉండదు. ఎత్తున సాగే విమానాలకు ఎత్తు మార్పు, ఛానల్ మార్పు లాంటి తొందర లేని ఆదేశాలన్నీ అక్షరాల్లోకి మారడం మేలే. కానీ ఎదురుగా ఆపద ఉన్నప్పుడు ఎడమకు తిరుగు అన్న మాటను టైపు చేసి, చదివి, అవునని నొక్కే వ్యవధి ఉండదు. గొంతులోని తొందర కూడా ఒక సమాచారమే. అక్షరం దాన్ని మోయలేదు. కాబట్టి ఒకటి పోయి ఇంకొకటి రావడం నేను ఊహించడం లేదు. రెండూ పక్కపక్కనే చాలాకాలం నడుస్తాయి.

ఉపగ్రహం నుంచే వీహెచ్‌ఎఫ్ వినే ప్రయత్నాలు ఐరోపాలో మొదలయ్యాయి. విమానంలో ఏ మార్పూ అక్కర్లేదు. నేల మీది యాంటెన్నాను తీసుకెళ్లి కక్ష్యలో పెట్టడమే. కొత్త దారుల్లో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇదే. పాత సెట్టును గౌరవిస్తూనే దాని దిగంతాన్ని ఇది చెరిపేస్తుంది.

సెట్ల తయారీలో తెలుగునేలకూ చోటుంది. హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ 1965 నుంచి వాయుసేన విమానాలకు రేడియో సెట్లు చేస్తోంది. యుద్ధవిమానాల మాటలు ఎక్కువగా 225 నుంచి 400 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి కాబట్టి వాటి సెట్లు రెండు పట్టీలూ పట్టేలా ఉంటాయి. కొత్త సెట్లలో మిక్సర్లు, ఫిల్టర్ల పని చాలావరకు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. పట్టీ, పద్ధతి రెండూ ప్రోగ్రాం మార్చి మార్చుకోవచ్చు. పైలట్‌కు రేడియో వాడే లైసెన్సు ఆర్‌టీఆర్ ఉండాలి. ఆ పరీక్ష దశాబ్దాలుగా టెలికాం శాఖ చేతిలో ఉండేది. 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియం దాన్ని పౌర విమానయాన డైరెక్టరేట్‌కు అప్పగించింది. విమానం ఎగరేయడం నేర్పేవాళ్ల పర్యవేక్షణలోకే మాట్లాడటం నేర్పడమూ రావడం సబబైన పని.

మళ్లీ మన రహదారి మీదికి వద్దాం. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు రన్‌వే వేశారు. 2022 డిసెంబర్ 29న దాని మీద వాయుసేన మొదటి విన్యాసాలు చేసింది. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ లేచాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు చక్రం తాకించకుండా మీదుగా వెళ్లాయి. సింగరాయకొండ దగ్గర కనుమళ్ల వైపు కూడా ఇదే రహదారి మీద ఇలాంటి అత్యవసర రన్‌వే కోసం పని జరిగింది. ఇలాంటి రన్‌వే పక్కన శాశ్వత టవర్ ఉండదు. విన్యాసం రోజున వాయుసేన తన కంట్రోలర్లను, రేడియోలను అక్కడికే తెచ్చుకుంటుంది. వంద మీటర్ల ఎత్తుకు దిగిన పైలట్ గన్నవరంతోనూ చెన్నైతోనూ నేరుగా మాట్లాడలేడు కాబట్టి అలా తెచ్చుకోక తప్పదు. సిమెంటు ఎంత మందం పోశారన్నది పత్రికల్లో వచ్చింది. దిగే విమానం ఎవరి గొంతు వింటూ దిగుతుందన్నది కూడా అంతే ముఖ్యం.

తక్కువ ఎత్తున మాట తెగిపోవడం మనకు కొత్త కాదు. 2009 సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. నల్లమలలో పావురాలగుట్ట మీద దాని శకలాలు కనిపించడానికి మర్నాటి ఉదయం దాకా పట్టింది. ఆయనతో సహా అయిదుగురూ మరణించారు. ప్రమాదానికి కారణం రేడియో కాదు. కానీ కొండల మధ్య తక్కువ ఎత్తున ఎగిరేవాటి మాట మైదానపు యాంటెన్నాలకు ఎప్పుడు అందుతుందో, ఎప్పుడు అందదో ఆ ఇరవైనాలుగు గంటలు రాష్ట్రమంతటికీ తెలియజెప్పాయి.

తుఫాను వచ్చినప్పుడు ఈ తీరం మీద ఎగిరేవన్నీ ఆ ఎత్తువే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు హెలికాప్టర్లూ డ్రోన్లూ ఒకే ఆకాశంలో అన్నం పొట్లాలు మోశాయి. ఇప్పుడు మిర్చి చేల మీద మందు కొట్టే డ్రోన్లు కూడా ఊళ్లలోకి వచ్చాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేకుండా ఎగరొచ్చు. వాటిని నడిపేవాళ్ల చేతిలోని రిమోట్ వేరే పట్టీలో పనిచేస్తుంది. వాళ్ల దగ్గర వీహెచ్‌ఎఫ్ సెట్టు ఉండదు. అంటే వరదలో కిందికి దిగుతున్న హెలికాప్టర్ పైలట్ తన ఛానల్ మీద ఎంత గట్టిగా హెచ్చరించినా, దాని దారిలోనే డ్రోన్ ఎగరేస్తున్న కుర్రాడికి ఆ మాట చేరదు. అందరూ వింటారన్నది ఈ రేడియోకు ఎనభై ఏళ్లుగా ఉన్న బలం. నేలకు దగ్గరగా ఉన్న ఆకాశంలో ఆ బలమే ఇప్పుడు సడలుతోంది.

దీనికి పెద్ద పథకం అక్కర్లేదు. ఒంగోలు, బాపట్ల, నెల్లూరు జిల్లా కంట్రోల్ రూముల్లో తుఫాను రోజుల్లోనైనా లైసెన్సుతో ఒక వీహెచ్‌ఎఫ్ స్టేషన్, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉండాలి. డ్రోన్ల పని కేటాయించే అధికారి ఆ మనిషి పక్కనే కూర్చోవాలి. పైలట్ మాట ఆయన చెవిన పడిన క్షణమే డ్రోన్ నడిపేవాళ్లకు ఫోను వెళ్లాలి. చేతిలో పట్టుకునే సెట్టు వాహకం బలం ఒకటిన్నర వాట్ల ప్రాంతంలోనే ఉన్నా, మన నేల చదునుగా ఉండటం వల్ల ఎత్తే ఇక్కడ అసలు పెట్టుబడి. సింగరాయకొండలో 30 మీటర్ల స్తంభం మీద యాంటెన్నా పెడితే దాని దిగంతం దాదాపు 23 కిలోమీటర్లు, వంద మీటర్ల ఎత్తున ఉన్న హెలికాప్టర్ దిగంతం 41. రెండూ కలిపితే 60 కిలోమీటర్లు దాటుతుంది. ఉత్తరాన ఒంగోలు, దక్షిణాన కావలి, తూర్పున పాకల తీరం, పడమట కందుకూరు అన్నీ అందులోకే వస్తాయి. నరసింహస్వామి గుడి ఉన్న కొండ మీద దానికి చోటు దొరికితే ఇంకా దూరం.